పూత లేనప్పుడు కలుపు మొక్కను పోల్చుకోవడం ఎలా?

పువ్వు చూసి పేరు చెప్పడం పెద్ద పనేం కాదు. చిక్కంతా పూత రాకముందే, కలుపు పీకాల్సిన అదునూ అదే. అప్పుడు ఆకు సైజునూ రంగునూ నమ్మకండి. నీడలో సాగి వెడల్పాటి ఆకులు వేసే మొక్కే, ఎండలో గట్టి నేల మీద జానెడు కూడా లేవదు. మారనివి మూడు: కాడ ఆకారం, కణుపు దగ్గర ఆకుల అమరిక, తుంచితే వచ్చే రసం. ఈ వరుసలోనే చూడండి.

గడ్డిలా కనిపించేదల్లా గడ్డి కాదు. కాడను రెండు వేళ్ల మధ్య పెట్టి దొర్లించండి. మూడు అంచులు తగిలితే తుంగ. గుండ్రంగానో కాస్త నొక్కినట్టో ఉండి, మధ్యమధ్య కణుపులు తగిలితే గడ్డి. తుంగ ఆకులు మూడు వైపులకు లేస్తాయి, గడ్డి ఆకులు రెండు వైపులకే. తుంగను తవ్వితే వేళ్ల వెంట గడ్డలు గొలుసుకట్టుగా ఉంటాయి. పైకి లాగితే ఆకులు మాత్రమే చేతికొచ్చి, గడ్డలు లోపలే ఉండిపోయి మళ్లీ మొలుస్తాయి. గరిక అయితే నేల మీద పాకుతూ కణుపు కణుపుకూ వేళ్లు దించుతుంది. వరిలో వరిలాగే కనిపించే ఊద గడ్డిని పట్టాలంటే ఆకు కాడను విడిచే చోట లోపలివైపు చూడాలి. వరికి అక్కడ పలుచని పొర నాలుకలా నిలబడి ఉంటుంది, ఊదకు ఏమీ ఉండదు. ఇంతకంటే తేలికైన గుర్తు లేదు. ఇక కాడ నాలుగు పలకలుగా ఉండి ఆకులు ఎదురెదురుగా ఉంటే తుమ్మి కావచ్చు.

తర్వాత ఆకులు. ఒక్కో కణుపుకు ఒకటా, ఎదురెదురుగా రెండా? గడ్డిచామంతికి ఎదురెదురు ఆకులు, అంచుల్లో రంపపు పళ్లు, ఒళ్లంతా గరుకు నూగు. వయ్యారిభామ లేతగా ఉన్నప్పుడు నేలకు అతుక్కుని చక్రంలా పరుచుకుంటుంది. ఆకు క్యారెట్ ఆకులా లోతుగా చీలి ఉంటుంది. ఎదిగాక ఆకులు ఒకటి విడిచి ఒకటి వస్తాయి, కాడ మీద నిలువు గాడులు కనిపిస్తాయి. దీన్ని వట్టి చేతులతో పట్టుకోకండి, కొందరికి ఒళ్లు దద్దుర్లెక్కుతుంది. చెమ్మ నేలల్లో గడ్డిచామంతిలాగే ఎదురెదురు ఆకులతో గుంటగలగర కనిపిస్తుంది. దాని ఆకును తెల్ల కాగితం మీద నలిపి కాసేపు ఆగితే మరక నల్లబడుతుంది.

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఆకు ఎక్కడ మొదలవుతుందో తేల్చుకోవడంలో. ఆకు కాడను తాకే మూలలో మొగ్గ ఉంటుంది, ఒకే ఆకులో భాగమైన చిన్న రెబ్బ మొదట్లో ఉండదు. తగిరిసకు మూడు జతల రెబ్బలు కలిసి ఒకే ఆకు. కసివిందకు జతలు ఎక్కువ, రెబ్బల కొనలు సూదిగా ఉంటాయి. నేల ఉసిరి చూడటానికి రెబ్బల ఆకులాగే ఉన్నా, ప్రతి చిట్టి ఆకు మొదట్లోనూ పువ్వో కాయో వేలాడుతుంది. అంటే అది ఆకు కాదు, కొమ్మ.

ఇక రసం. లేత కొన తుంచి చూడండి, ముదిరి వాడిన కాడలో పాలు సరిగా కారవు. గంగవాయిలికి దళసరి ఆకు, నీళ్లలాంటి రసం. దాని పక్కనే అదే ఎత్తులో పాకుతూ, తుంచితే తెల్లని పాలు కార్చే మొక్క ఉంటే అది రెడ్డివారినానుబాలు జాతిది, గంగవాయిలి అనుకుని కోయకూడదు. జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం, చేతులు కడుక్కోకుండా కన్ను నలపకండి. పసుపు రసం, ముళ్ల ఆకు మీద తెల్లని చారలు ఉంటే బ్రహ్మదండి.

వాసన ఆఖరున. నాలుగైదు ఆకులు నలిపాక ముక్కు పని చేయదు, కాసేపు ఆగాలి. ఉమ్మెత్తకు ముక్కు ముడుచుకునే వాసన, మొక్క మొత్తం విషమే, గింజలు మరీనూ. రుచి చూసి పోల్చుకోవడం ఎప్పుడూ వద్దు.

పేర్ల దగ్గర జాగ్రత్త. అటికమామిడినీ, అంబటిమాడునూ రెండింటినీ గలిజేరు అనే వాళ్లున్నారు. అంబటిమాడు పువ్వు ఆకు తొడిమ మొదట్లోని తొడుగులో దాక్కుంటుంది, అటికమామిడి గులాబీ పూలు సన్నని కాడల మీద పైకి లేస్తాయి.

ఫోన్ యాప్ చెప్పే పేరు సూచన మాత్రమే, మొలకలకూ పూత లేని గడ్డికీ తరచూ తప్పుతుంది. ఫోటో తీస్తే నాలుగు తీయండి: మొత్తం మొక్క, కణుపు, ఆకు అడుగుభాగం, పువ్వో కాయో ఉంటే అది. పక్కన స్కేలు పెట్టండి. అప్పటికీ తేలకపోతే ఒక మొక్కను పీకకుండా వదిలి, పక్కన పుల్ల పాతి, పూత వచ్చేదాకా వారానికోసారి చూడండి. గింజ కట్టేలోపు మాత్రం పీకేయాలి.