పోలింగ్ కేంద్రంలో ఈ-పోల్‌బుక్: ఎన్నికకు ముందు పరీక్షించే పద్ధతి

అమెరికాలో ఓటు వేయడానికి వెళ్లినవాళ్లు మొదట ఆగేది చెక్-ఇన్ బల్ల దగ్గర. ఒకప్పుడు అక్కడ లావుపాటి అచ్చు జాబితా ఉండేది. ఇప్పుడు చాలా కౌంటీల్లో (మన జిల్లాల్లాంటివి) ట్యాబో ల్యాప్‌టాపో ఉంటోంది. దాన్నే ఈ-పోల్‌బుక్ అంటారు. అది ఓట్లు లెక్కపెట్టదు. ఓటరు పేరు వెతుకుతుంది, అర్హత చూస్తుంది, సంతకం తీసుకుంటుంది, ఏ బ్యాలట్ ఇవ్వాలో చెబుతుంది. మొదటి మూడింట్లో ఏది తప్పినా అర్హత ఉన్న మనిషి వెనుదిరిగి వెళ్లిపోవచ్చు. నాలుగోది తప్పితే తనది కాని బ్యాలట్ మీద ఓటేస్తాడు, దాన్ని ఇక ఎవరూ దిద్దలేరు. పెట్టెలో పడ్డ కాగితం ఎవరిదో తెలియకపోవడమే రహస్య ఓటు కదా.

ఓటింగ్ యంత్రాలకు ఉన్న ఫెడరల్ ప్రమాణాలు ఈ-పోల్‌బుక్‌లకు వర్తించవు. ఎన్నికల నిర్వహణలో రాష్ట్రాలకు తోడ్పడే ఫెడరల్ సంస్థ ఎలక్షన్ అసిస్టెన్స్ కమిషన్ వీటికోసం మొదలుపెట్టిన మదింపు కార్యక్రమం స్వచ్ఛందం. కాలిఫోర్నియా, ఇండియానా వంటి కొన్ని రాష్ట్రాలు సొంతంగా ధ్రువీకరిస్తాయి. ఆ ధ్రువీకరణ కూడా సాఫ్ట్‌వేర్ వెర్షన్‌కే. మీ కౌంటీ జాబితా, మీ ప్రెసింక్టుల (ఒక్కో పోలింగ్ ప్రాంతం) హద్దులు, మీరు బల్లలు వేసే హాల్లో సిగ్నల్ సంగతి అందులోకి రావు. అందుకే ప్రతి ఎన్నికకూ మళ్లీ పరీక్షించాలి. ఆ భారం కౌంటీ ఎన్నికల కార్యాలయం మీదే పడుతుంది.

పరీక్ష అనగానే చాలామంది పరికరం మీద పడతారు: ఆన్ అవుతోందా, స్క్రీన్ పనిచేస్తోందా, ప్రింటర్ కదులుతోందా అని. అవీ చూడాలి గానీ, పెద్ద దెబ్బలు తగిలింది ఎక్కువగా డేటా వల్ల. 2010 ఆగస్టులో టెనెసీలోని షెల్బీ కౌంటీలో పాత మే ఎన్నిక ముందస్తు ఓటర్ల ఫైలును పొరపాటున ఎక్కించారు. ఓటే వేయనివాళ్లు అప్పటికే ఓటేసినట్టు కనిపించారు. 2016 నవంబర్ 8న నార్త్ కరోలినాలోని డర్హమ్ కౌంటీలోనూ ఇలాగే జరిగి, కౌంటీ మొత్తం కాగితం జాబితాలకు మారింది. ఎనిమిది ప్రెసింక్టుల్లో ఓటింగ్ వేళలు పొడిగించాల్సి వచ్చింది. 2019లో హోంల్యాండ్ సెక్యూరిటీ విభాగం ఆ పరికరాలను పరిశీలించి, హ్యాకింగ్ జాడ ఏదీ లేదని, కొన్నింట్లో పాత ఎన్నిక సమాచారం తుడవకుండా ఉండిపోయిందని తేల్చింది. రెండుచోట్లా పరికరం ఆన్ అయింది, స్క్రీన్ పనిచేసింది. అబద్ధం చెప్పింది లోపలున్న ఫైలు.

ముందు జవాబు రాసుకోండి

పరీక్ష మొదలుపెట్టే ముందు ఒక పట్టిక తయారు చేయండి. ఒక్కో వరుసలో ఒక నమూనా ఓటరు, ఎలా వెతకాలి, స్క్రీన్ మీద ఏ సందేశం రావాలి, ఏ బ్యాలట్ రావాలి. పక్కన ఖాళీ గడి: నిజంగా ఏం వచ్చింది. జవాబు ముందే రాసుకోకపోతే వచ్చిందల్లా సరిగ్గానే అనిపిస్తుంది, మనిషి కన్ను అంతే. రావాల్సిన బ్యాలట్‌ను పోల్‌బుక్‌కు ఎక్కించిన ఫైలులోంచే రాసుకోకండి. ఫైలే తప్పయితే మీ జవాబూ తప్పవుతుంది, రెండూ కలిసిపోతాయి. ప్రెసింక్టు మ్యాపు, బ్యాలట్ నిర్వచన పత్రం (ఏ ప్రాంతానికి ఏ పోటీలున్న బ్యాలట్ వెళ్లాలో చెప్పేది) ముందు పెట్టుకుని విడిగా రాయండి.

పట్టికలో "సరే, బ్యాలట్ ఇవ్వండి" అని రావాల్సినవాళ్ల కంటే "ఆగండి" అని రావాల్సినవాళ్లు ఎక్కువ ఉండాలి. కనీసం వీళ్లు తప్పనిసరి:

- పోస్టల్ బ్యాలట్ పంపినా ఇంకా తిరిగి రాని ఓటరు. తిరిగి వచ్చేసిన ఓటరు. ఈ ఇద్దరికీ వేర్వేరు సందేశాలు రావాలి.
- ముందస్తు ఓటు వేసేసినవాళ్లు.
- ఇన్‌యాక్టివ్ హోదాలో (చిరునామా ఖరారు కాక పక్కన పెట్టిన పేర్లు) ఉన్నవాళ్లు, నమోదు రద్దయినవాళ్లు.
- పోస్టు ద్వారా మొదటిసారి నమోదై, గుర్తింపు పత్రం చూపాల్సినవాళ్లు.
- వేరే ప్రెసింక్టు ఓటరు. "లేరు" అని కాదు, "ఫలానా చోటికి వెళ్లాలి" అని చూపాలి.
- చిరునామా గోప్యత పథకంలో (వేధింపుల బాధితుల వంటివారి చిరునామా దాచే ఏర్పాటు) ఉన్నవాళ్లు. వాళ్ల చిరునామా స్క్రీన్ మీద ఎక్కడా కనిపించకూడదు.
- ఒకే ఇంట్లో ఒకే పేరున్న తండ్రీకొడుకులు. ఒకే పుట్టినరోజున్న కవలలు.

పేర్ల దగ్గర ఇంకాస్త శ్రమ పడండి. మధ్యలో అపాస్ట్రఫీ ఉన్న ఐరిష్ పేర్లు, హైఫన్ ఉన్నవి, ఖాళీతో విడిపోయిన ఇంటిపేర్లు, ఒక్క అక్షరం ఇంటిపేర్లు, పెళ్లితో మారినవి అన్నీ చేర్చండి. తెలుగువాళ్ల పేర్లు ఈ పరీక్షకు భలే పనికొస్తాయి. వెంకట సత్య సూర్యనారాయణ మూర్తి లాంటి పేరులో ఎంత భాగం మొదటి పేరో, ఎంత మధ్య పేరో ఒక్కో పత్రంలో ఒక్కోలా ఉంటుంది. ఇంటిపేరు, సొంత పేరు తారుమారవడం మామూలే. పాస్‌పోర్టులో పేరంతా ఇంటిపేరు గడిలోనే ఉన్నవాళ్లకు వీసా మీద మొదటి పేరు స్థానంలో ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే మొదటి పేరు తెలియదు) అని పడుతుంది, అది పౌరసత్వం వచ్చాకా కొన్ని పత్రాల్లో వెంటాడుతుంది. ఇలాంటి ఓటరును మొదటి మూడు అక్షరాలతో, పుట్టిన తేదీతో, చిరునామాతో మూడు రకాలుగా వెతికి చూడండి. ఒక దారిలో దొరక్కపోయినా ఇంకో దారిలో దొరకాలి.

నకిలీ ఓటర్లను అసలు జాబితాలోకి ఎక్కించకండి. పరీక్షకు విడిగా ఒక ఎన్నిక సృష్టించి, అందులోనే చెక్-ఇన్‌లు చేయండి. అసలు జాబితా ఎక్కించాక చేసే పరీక్షలో వెతకడం, చూడడం వరకే. చెక్-ఇన్ బటన్ నొక్కకూడదు.

లెక్కలు, బ్యాలట్లు

అసలు జాబితా ఎక్కించగానే మూడు అంకెలు సరిచూడండి. నమోదు వ్యవస్థలోంచి దించిన ఫైలులో ఎన్ని రికార్డులు, సర్వర్‌లో ఎన్ని, ఒక్కో పరికరంలో ఎన్ని. ఒక్కటి తేడా వచ్చినా ఆగి కారణం వెతకండి. ఆ ఒక్క రికార్డు పేరులో పడిన కామా వల్ల విరిగిన వరుస కావచ్చు, దాని వెనకున్న గడులన్నీ ఒక స్థానం జరిగిపోయి ఉండొచ్చు. ఫైలుకు ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ (ఫైలులో ఒక్క అక్షరం మారినా మారిపోయే, వేలిముద్ర లాంటి సంకేతం) తీసి, దించిన తేదీ, సమయంతో సహా రాసి పెట్టండి. పాత ఫైలు ఎక్కిందా కొత్తదా అన్న సందేహం వస్తే తేల్చేది అదే. హోదాల వారీగా మొత్తాలూ చూడండి: ముందస్తు ఓటర్ల సంఖ్య ఆ రోజు వరకు ప్రకటించిన సంఖ్యతో సరిపోవాలి.

తర్వాత బ్యాలట్ రకాలు. ఒక ప్రెసింక్టును స్కూల్ బోర్డు హద్దో నగర హద్దో చీలిస్తే, ఒక్కో ముక్కకు ఒక్కో బ్యాలట్. ప్రతి ముక్క నుంచీ కనీసం ఒక ఓటరును తీయాలి, ప్రైమరీ (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నిక) అయితే ఒక్కో పార్టీకి ఒకరు చొప్పున. 120 ముక్కలు, రెండు పార్టీలు, ఏ పార్టీకీ చెందని వర్గం ఒకటి అనుకుంటే 360 పరిశీలనలు. ఒక్కోదానికి నిమిషం వేసుకున్నా ఆరు గంటలు. ఈ ఆరు గంటలు మిగుల్చుకోవాలని చూడకండి. హద్దు రోడ్డు మధ్యలోంచి పోయేచోట రెండు వైపులా ఎదురెదురు ఇళ్లను ఎంచుకోండి, సరి-బేసి నంబర్ల తప్పులు అక్కడే బయటపడతాయి. స్క్రీన్ మీద పేరు చూసి ఊరుకోకుండా, వచ్చిన కోడ్‌తోనో చీటీతోనో బ్యాలట్ ముద్రించి అందులోని పోటీలు చదవండి.

లైసెన్సు స్కానింగ్

డ్రైవింగ్ లైసెన్సు వెనక ఉండే పీడీఎఫ్417 బార్‌కోడ్‌లో సమాచారం గుర్తులతో ఉంటుంది: ఇంటిపేరుకు డీసీఎస్, మొదటి పేరుకు డీఏసీ, పుట్టిన తేదీకి డీబీబీ. పేర్ల గడికి 40 అక్షరాల హద్దు ఉంది, పొడుగు పేర్లు తెగిపోతాయి. తెగిన పేరును పోల్‌బుక్ అక్షరం అక్షరం పోలిస్తే ఓటరు "లేరు" అని వస్తుంది. పుట్టిన తేదీ నెల, రోజు, సంవత్సరం వరుసలో ఉంటుంది కాబట్టి ఏప్రిల్ 3న, మార్చి 4న పుట్టిన ఇద్దరు నమూనా ఓటర్లను పెట్టి తారుమారు అవుతోందేమో చూడండి. అరిగిపోయిన కార్డు, పగిలిన ప్లాస్టిక్ కార్డు, పక్క రాష్ట్రం కార్డు, గడువు తీరిన కార్డు కూడా స్కాన్ చేయండి. స్కాన్ విఫలమైతే చేత్తో వెతికే తెర ఒక్క నొక్కుతో రావాలి.

సింక్: రెండు పరికరాలు విభేదించినప్పుడు

సింక్ అంటే ఒక పరికరంలో పడ్డ నమోదు మిగతావాటికీ చేరడం. ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి. రెండు ట్యాబ్‌లు పక్కపక్కన పెట్టి, ఒకదాంట్లో చెక్-ఇన్ చేసి, రెండోదాంట్లో ఎన్ని సెకన్లకు కనిపిస్తుందో స్టాప్‌వాచ్‌తో చూడండి. తర్వాత రెండింటినీ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, ఒకే ఓటరును రెండింట్లోనూ చెక్-ఇన్ చేసి, మళ్లీ నెట్‌వర్క్‌కు కలపండి. రెండు నమోదులూ సమయాలతో సహా మిగిలి, హెచ్చరిక రావాలి. ఒకటి రెండోదాన్ని చప్పుడు చేయకుండా చెరిపేస్తే ఆ సాఫ్ట్‌వేర్ ఆమోదించకండి. ఎవరు ఎప్పుడు వచ్చారన్న సాక్ష్యమే పోతుంది.

సంతకానికీ చీటీ ముద్రణకూ మధ్యలో కనెక్షన్ తెంపండి. చెక్-ఇన్ మధ్యలో ట్యాబ్‌ను బలవంతంగా ఆపి మళ్లీ ఆన్ చేయండి. ఓటరు చెక్-ఇన్ అయినట్టా, కానట్టా? ఏదో ఒకటి స్పష్టంగా తెలియాలి. ఆఫ్‌లైన్‌లో 150 చెక్-ఇన్‌లు చేసి కలిపితే సర్వర్‌లో సరిగ్గా 150 పెరగాలి.

రెండు ట్యాబ్‌లతో బాగా నడిచింది కదా అని రెండు వేలతో నడుస్తుందనుకోవద్దు. 2020 మార్చి 3 ప్రైమరీలో లాస్ ఏంజెలెస్ కౌంటీ ఓటర్లు గంటల తరబడి నిలబడ్డారు. పోల్‌బుక్‌ల సింక్ ఇబ్బందులే ఆ జాప్యానికి ముఖ్య కారణమని కౌంటీ నివేదికే చెప్పింది. కౌంటీలో ఎక్కడైనా ఓటు వేయగల వోట్ సెంటర్ పద్ధతి ఉంటే, ఉన్న పరికరాలన్నీ గోదాములోనే ఒకేసారి ఆన్ చేసి, ఎన్నిక రోజు రద్దీకి సరిపడా చెక్-ఇన్‌లు గుప్పించండి. ఉదయం అన్నీ ఒకేసారి మేల్కొని పూర్తి జాబితా దించుకోవడానికి పోటీపడే అరగంటను ప్రత్యేకంగా చూడండి. నడుము విరిగేది అక్కడే.

పరికరాల సంఖ్యకు లెక్క చిన్నది. 1,300 మంది వస్తారని, అత్యంత రద్దీ గంటలో 15 శాతం పడతారని అనుకోండి: 195 మంది. ఒక్కో చెక్-ఇన్‌కు 90 సెకన్లు పడితే ఒక ట్యాబ్ గంటకు 40 మందిని పంపుతుంది. 195ను 40తో భాగిస్తే దాదాపు 5. కానీ ఐదూ క్షణం ఖాళీ లేకుండా పనిచేస్తే వరుస తరగదు, ఆరు పెట్టండి. 90 సెకన్లు అన్నది ఊహించకండి, సాఫ్ట్‌వేర్ తెలిసిన ఉద్యోగితో కాకుండా కొత్త పోల్ వర్కర్‌తో చేయించి కొలవండి. ఎవరూ అరగంటకు మించి వేచి ఉండకూడదని 2014లో ఎన్నికల నిర్వహణపై అధ్యక్షుడు వేసిన ప్రెసిడెన్షియల్ కమిషన్ చెప్పిన మాటే కొలబద్ద.

బ్యాటరీ, గడియారం, సీళ్లు

న్యూయార్క్‌లో పోలింగ్ ఉదయం 6 నుంచి రాత్రి 9 వరకు, అంటే 15 గంటలు. ఏళ్ల తరబడి గోదాములో ఉన్న బ్యాటరీ శాతం చూపించే అంకెను నమ్మకండి. ప్రకాశం పూర్తిగా పెట్టి, హాట్‌స్పాట్ కలిపి, చార్జర్ తీసేసి ఎంతసేపు నిలుస్తుందో రాయండి. హాట్‌స్పాట్‌ను పోలింగ్ జరిగే గదికే తీసుకెళ్లి పరీక్షించాలి. స్కూలు జిమ్‌లు, చర్చి బేస్‌మెంట్లు సిగ్నల్‌ను మింగేస్తాయి.

గడియారం చాలామంది మరిచిపోయే పరీక్ష. 2026లో డేలైట్ సేవింగ్ నవంబర్ 1న ముగుస్తుంది, ఎన్నిక నవంబర్ 3న. ముందస్తు ఓటింగ్‌కు వాడిన పరికరం గంట ముందుకు ఉండిపోతే చెక్-ఇన్ సమయాలు, సింక్ వరుస రెండూ గందరగోళమవుతాయి. సర్వర్‌తో మాట్లాడే సెక్యూరిటీ సర్టిఫికెట్ గడువు ఎన్నిక తర్వాతి వారాల దాకా ఉందా చూడండి. ఆటోమేటిక్ అప్‌డేట్లు ఆపేయండి. ట్యాబ్‌లో పోల్‌బుక్ యాప్ తప్ప ఇంకేదీ తెరుచుకోకూడదు. వాడని బ్లూటూత్ ఆఫ్, ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్పు, పోర్టుల మీద నంబరున్న సీళ్లు.

తుడవడం, తెరవడం

పరీక్షలయ్యాక పరీక్ష ఎన్నికను ప్రతి పరికరంలోంచీ తీసేసి, అసలు ఎన్నిక ఎక్కించి, ఇద్దరు మనుషులు నాలుగు విషయాలు చదివి సంతకం చేయాలి: ఎన్నిక పేరు, తేదీ, వెర్షన్ నంబరు, చెక్-ఇన్‌ల సంఖ్య సున్నా. ఒకటి వదిలేసి మరొకటి చూసే శాంపిల్ పద్ధతి ఇక్కడ పనికిరాదు. పోలింగ్ ఉదయం పోల్ వర్కర్లు ఇవే నాలుగూ మళ్లీ చదివి, సీల్ నంబర్లు సరిచూసి, తలుపులు తెరవాలి. ముందస్తు ఓటింగ్ అదే పరికరంలో నడిచిన చోట సున్నా బదులు నిన్న సాయంత్రం మూసినప్పటి సంఖ్య ఉండాలి.

అన్నీ పడిపోతే ఏం చేయాలో కూడా పరీక్షలో భాగమే. శిక్షణ రోజున ముందే చెప్పకుండా ట్యాబ్‌లన్నీ ఆపేసి, కాగితం జాబితాతో మొదటి ఓటరును పంపడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో చూడండి. ఆ జాబితా ముందస్తు ఓటింగ్ ముగిశాక ముద్రించినదై ఉండాలి. 2002 నాటి హెల్ప్ అమెరికా ఓట్ యాక్ట్ ప్రకారం ఫెడరల్ ఎన్నికలో, తాను నమోదైన అర్హుడినని చెప్పే ఓటరు పేరు జాబితాలో దొరక్కపోతే ప్రొవిజనల్ బ్యాలట్ (అర్హత తేలాకే లెక్కించే తాత్కాలిక బ్యాలట్) ఇవ్వాలి. అవి రెండు మూడు గంటల రద్దీకి సరిపడా ఉంచాలని ఓటుహక్కులపై పనిచేసే బ్రెన్నన్ సెంటర్ సూచన. పైన వేసుకున్న లెక్కలో 390 నుంచి 585. వాటితోపాటు కవర్లు, పెన్నులు కూడా.

రాత్రి మూసేటప్పుడు చెక్-ఇన్‌ల సంఖ్యను ఇచ్చిన బ్యాలట్లతో, పెట్టెలో పడ్డవాటితో, పాడై మార్చిచ్చినవాటితో సరిచూడండి. తేడా ఉంటే అక్కడే, మనుషులు ఇంకా గదిలో ఉండగానే రాయండి. ఫెడరల్ ఎన్నికల రికార్డులు 22 నెలలు భద్రపరచాలన్నది చట్టం. కాబట్టి ప్రతి పరికరం లాగ్‌నూ బయటికి తీసి, హ్యాష్ రాసి, రెండో చోట కాపీ తెరిచి చదవగలిగాకే ట్యాబ్‌ను తర్వాతి ఎన్నికకు తుడవండి.