పాత ఇల్లు పడగొట్టి కట్టుకుంటున్నారా? ప్లాన్ కన్నా ముందు చూసుకోవాల్సిన కాగితం

నెల్లూరులో సంక్రాంతి వెళ్లిందంటే పాత ఇళ్ల మీద గునపాలు పడతాయి. అక్టోబరు వానలు దిగేలోపు స్లాబు పడిపోవాలని అందరి తొందర. ఆ తొందరలో ముందు ఇల్లు పడగొట్టేసి, అనుమతి సంగతి తర్వాత చూద్దామనుకుంటారు. దయచేసి అలా చేయకండి. అద్దె ఇంట్లో ఉంటూ, ఫైలు ఎందుకు ఆగిందో తెలియక, మధ్యవర్తి అడిగినంతా ఇచ్చుకున్న కుటుంబాలను మూలాపేటలోనూ చూశాను, ఒంగోలులోనూ చూశాను.

రంగులు, ఫ్లోరింగ్, పెచ్చులూడిన చోట పూత లాంటి మరమ్మతులకు ప్లాన్ అక్కర్లేదు. పైన అంతస్తు వేసినా, గది పెంచినా, పడగొట్టి మళ్లీ కట్టినా అనుమతి కావాల్సిందే. "రిపేరని చెప్పి కానిచ్చేద్దాం" అని మేస్త్రీ అనొచ్చు గానీ, నోటీసు వచ్చేది ఓనరుకే.

దరఖాస్తు పెట్టడం పెద్ద పనేం కాదు. లైసెన్సు ఉన్న ఇంజనీరు ప్లాన్ గీసి, టౌన్ ప్లానింగ్ వాళ్లు కట్టడాల అనుమతుల కోసం నడిపే డీపీఎంఎస్ పోర్టల్లో ఆన్‌లైన్‌లో పెడతారు. దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు (అంతకు ముందు చేతులు మారిన పాత దస్తావేజులు), ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), ఇంటి పన్ను రసీదు, ఆధార్ ఇస్తే చాలావరకు సరిపోతుంది. ఏమైనా సందేహం ఉంటే వార్డు సచివాలయంలో ప్లానింగ్ సెక్రటరీని, పల్లెల్లో అయితే పంచాయతీ కార్యదర్శిని అడగండి.

ఎక్కువమంది ఆగిపోయేది దస్తావేజు దగ్గరే. "ఇల్లు నాయన పేరు మీదుంది, పన్ను నేనే కడుతున్నా, ఇంకేం కావాలి?" అంటారు. పన్ను రసీదు పన్ను కట్టినందుకు రుజువు, అంతే. దానితో ఇల్లు మీదైపోదు. నాయన వీలునామా రాయకుండా పోతే, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆయన స్వార్జితంలో అమ్మకు, కొడుకులకు, కూతుళ్లకు, బతికి ఉంటే నాయనమ్మకూ సమాన వాటా. 2005 సవరణతో పిత్రార్జితంలోనూ కూతురికి కొడుకుతో సమానంగా హక్కు వచ్చింది. పెళ్లప్పుడు ఎంత పెట్టి పంపినా ఆ హక్కు పోదు.

కాబట్టి తహసీల్దారు కార్యాలయం నుంచి కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తీసుకుని, అందరూ కూర్చుని మాట్లాడుకోండి. ఎవరి వాటా ఏదో పంచుకుంటూ భాగపరిష్కార పత్రం రాసుకోవచ్చు. లేదంటే అక్కచెల్లెళ్లు తమ వాటా మీకు వదులుతూ హక్కు విడుదల పత్రం రాసివ్వొచ్చు. ఏది రాసినా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ కావాలి. స్టాంపు పేపరు మీద సంతకాలు పెట్టించి, నోటరీ చేయించి "ఇది చాలు" అనేవాళ్లు కోర్టుల దగ్గర కనిపిస్తారు. వాళ్లకిచ్చిన డబ్బులు వృథా. రిజిస్ట్రేషన్ అయ్యాక ఇంటి పన్ను కూడా మీ పేరుకి మార్పించుకోండి. విదేశాల్లో ఉన్న చెల్లెలు రాలేకపోతే టెన్షన్ పడొద్దు. అక్కడి భారత రాయబార కార్యాలయంలో ధ్రువీకరించిన పవర్ ఆఫ్ అటార్నీ పంపొచ్చు.

ఈసీ ఆన్‌లైన్‌లో 1983 నుంచే దొరుకుతుంది. తాతల నాటి ఇళ్లకు అంతకు ముందుది కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దరఖాస్తు పెట్టి వెతికించుకోవాలి. దీనికి కొంచెం ఓపిక కావాలి.

కొలతల్లో ఇంకో చిక్కుంది. నెల్లూరు వైపు పాత దస్తావేజుల్లో స్థలం అంకణాల్లో రాసుంటుంది. ఇక్కడ అంకణమంటే 72 చదరపు అడుగులు, అంటే 8 గజాలు. చిత్తూరు వైపు 36 చదరపు అడుగులే. ప్లాన్ గీసేది చదరపు మీటర్లలో కాబట్టి, బయటి ఇంజనీరైతే ఈ లెక్క ముందే చెప్పండి. 20 అంకణాలంటే 160 గజాలు, సుమారు 134 చదరపు మీటర్లు. కాగితంలో ఉన్నంత నేల మీద లేకపోతే తక్కువ ఉన్న కొలతకే ప్లాన్ గీయించండి. పక్కింటితో ఉమ్మడి గోడ ఉంటే వాళ్లతో ముందే మాట్లాడి, ఇల్లు నిలబడి ఉండగానే నాలుగు వైపులా ఫొటోలు తీసి పెట్టుకోండి.

ఇక డబ్బుల సంగతి. ఇంజనీరు ఫీజు వేరు, ప్రభుత్వ ఫీజు వేరు. రెండూ కలిపి "ఇంత ఇవ్వండి, మేం చూసుకుంటాం" అంటే ఒప్పుకోకండి. ప్రభుత్వ ఫీజు ఆన్‌లైన్‌లో కట్టి, రసీదు మీ దగ్గరే ఉంచుకోండి. దరఖాస్తులో మీ ఫోన్ నంబరే వేయించి, ఫైలు నంబరు రాసుకోండి. అనుమతి పత్రం చేతికి వచ్చాకే కూలీలను పిలవండి.