విశాఖ నుంచి యోగ్యకర్తకు: బాతిక్, మట్టిపని చూసి రావడం ఎలా

చేతిపనులు చూడడానికి విశాఖపట్నం నుంచి విదేశానికి బయలుదేరేవారు టికెట్టు కొనే ముందు ఏటికొప్పాకకు, పొందూరుకు ఒక్కో రోజు వెళ్లి రావడం మంచిది. తిరుగుతున్న అంకుడు కర్రకు లక్క ఎలా కరిగి పడుతుందో, పొందూరులో వాలుగ చేప దవడతో పత్తిని ఎలా దువ్వుతారో పక్కన కూర్చుని చూసిన కంటికి పరాయి చోటి పనితనం త్వరగా అందుతుంది.

తరువాత ఒక్క ఊరినే ఎంచుకోవాలి. ఇండోనేషియాలో జావా ద్వీపంలోని యోగ్యకర్తకు సింగపూర్‌లోనో కౌలాలంపూర్‌లోనో విమానం మారి చేరుకోవచ్చు. పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువు ఉంటే, భారతీయులకు 30 రోజుల వీసా అక్కడ దిగాక కూడా ఇస్తారు. రంజాన్ పండుగ రోజుల్లో మాత్రం వెళ్లకూడదు. పనివారు సొంతూళ్లకు వెళ్లిపోవడంతో చాలా పనిశాలలు మూతపడతాయి.

2009లో యునెస్కో గుర్తింపు పొందిన, మైనం సాయంతో గుడ్డకు రంగులు వేసే బాతిక్‌ను కొనే ముందు కనీసం ఒక పూట పనిశాలలో గడపాలి. శ్రీకాళహస్తి కలం గుడ్డపై రంగు గీత గీస్తే, ఇక్కడి ‘చాంటింగ్’ అనే చిన్న రాగి గొట్టం రంగు అంటకూడని చోటును కరిగిన మైనంతో కప్పుతుంది. మైనం గడ్డకట్టి గొట్టం మూసుకుపోయినప్పుడల్లా పనిచేసే ఆమె దాన్ని నోటితో ఊది, మళ్లీ ఆగిన చోటి నుంచే గీత అందుకుంటుంది. చేత్తో గీసినది ‘తులిస్’, రాగి అచ్చుతో మైనం అద్దినది ‘చాప్’. ఈ రెండింటిలోనూ రంగు గుడ్డ రెండు వైపులా దాదాపు ఒకేలా కనిపిస్తుంది. మొదటిసారి నేను తిరగేసి చూడకుండా వీధి దుకాణంలో కొన్న గుడ్డ, ఇంటికి తెచ్చి చూస్తే వెనుకవైపు తెల్లగా పాలిపోయి ఉంది. అది యంత్రం ముద్ర. తులిస్ ధర ఎక్కువే, కానీ నెలల తరబడి సాగే పని చూశాక బేరమాడడానికి నాకు నోరు రాలేదు.

మట్టిపనికి నగరానికి దక్షిణాన ఉన్న కసొంగన్ గ్రామం ఉంది. మన సంతలో చేసినట్టే కుండను వేలి కణుపుతో తట్టి చూడాలి. ఖంగుమంటే సరిగా కాలినట్టు, మొద్దుగా పలికితే పగులు ఉండవచ్చు. కొన్న కుండలోపల బట్టలు కుక్కి, బయట లుంగీ చుట్టి, చేతిసంచిలోనే తెచ్చుకోవాలి. కస్టమ్స్‌లో అడిగితే చూపడానికి రసీదులను విడిగా ఒక కవరులో ఉంచుకోవాలి.