మూడు రోజుల పండగకి ఒక్క రోజు సెలవు: బెంగళూరులో లీవుల లెక్క

బెంగళూరు వచ్చిన మొదటి ఏడాది డిసెంబర్‌లో మా హెచ్‌ఆర్ వాళ్ళు కొత్త సంవత్సరం సెలవుల లిస్టు పంపారు. జనవరి చూశాను. సంక్రాంతి, ఒక్క రోజు. టైపింగ్‌లో పొరపాటు పడిందేమో అనుకుని, "భోగి, కనుమ వదిలేశారు" అని హెచ్‌ఆర్ అమ్మాయికి మెసేజ్ పెట్టాను. ఆమెది ధార్వాడ్. "కనుమ అంటే ఏంటి మేడం?" అని తిరిగి నన్నే అడిగింది. ఆ ఏడాది కనుమ నాడు మారతహళ్ళి ఆఫీసులో కూర్చుని, పక్క సీటావిడ ఇంట్లో మిగిలితే తెచ్చిన ఎళ్ళు బెల్లం (ఇక్కడ సంక్రాంతికి పంచే నువ్వులు, బెల్లం) నములుతూ, అమలాపురంలో అమ్మ వేస్తున్న గారెలు వీడియో కాల్‌లో చూశాను. కనుమ నాడు మినుము తినాలంటారు కదా, ఫోన్‌లో చూస్తే లెక్కలోకి వస్తుందో రాదో తెలీదు.

ఆ మరుసటి ఏడాది నుంచి నవంబర్ మొదట్లో ఒక ఆదివారం ఈ లీవుల లెక్కకే కేటాయిస్తున్నాను. మా ఇంట్లో చిక్కు ఏంటంటే, నాది బెంగళూరు సెలవుల లిస్టు. మా ఆయనది హైదరాబాద్ కంపెనీ, ఇంటి నుంచే పని. ఆయనకి బోనాలు, బతుకమ్మ ఉంటాయి, కన్నడ రాజ్యోత్సవం (నవంబర్ 1, కర్ణాటక అవతరణ దినం) ఉండదు. పాప స్కూలుది మూడో దారి. పుట్టిల్లు అమలాపురం, అత్తారిల్లు అనంతపురం. అందరికీ కలిసొచ్చే రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

ముందు ఒక్క మాట. ఏటా వాట్సాప్‌లో తిరిగే "కర్ణాటక సెలవుల లిస్టు" చూసి టికెట్లు కొనకండి. అది గవర్నమెంటు ఆఫీసుల లిస్టు. ప్రైవేటు వాళ్ళకి వేరే చట్టం ఉంది, 1963 నాటిది. దాని ప్రకారం జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబర్ 2, నవంబర్ 1 ఇచ్చి తీరాలి. వీటికి తోడు ఇంకో ఐదు పండగ సెలవులు. మొత్తం పది. కొన్ని కంపెనీలు ఇంకొకటో రెండో కలుపుతాయి, మరికొన్ని "ఈ లిస్టులోంచి మీకు నచ్చినవి రెండు తీసుకోండి" అని ఆప్షనల్ హాలిడేలు ఇస్తాయి. కాబట్టి మీ కంపెనీ పంపిన కాయితమే ప్రమాణం.

ఇప్పుడు పాత నోటుపుస్తకంలో ఒక పేజీ తీసుకుని మూడు నిలువు గీతలు గీయండి, నాలుగు గడులవుతాయి. నేను ఎక్సెల్‌లో కూడా చేసి చూశాను గానీ, కాయితం మీద అయితే మా ఆయన కూడా వచ్చి కూర్చుంటాడు. మొదటి గడిలో ఊళ్ళో పండగలు. వీటికి అమ్మ పంపే వెంకట్రామా క్యాలెండరే నాకు ఆధారం. కొత్తది ఇంకా రాకపోతే ఫోన్ చేసి అడుగుతాను. రెండో గడిలో నా ఆఫీసు సెలవులు, మూడో గడిలో ఆయనవి, నాలుగో గడిలో పాప స్కూలువి. నవంబర్‌కి ఆఫీసు లిస్టు రాకపోయినా ఫర్వాలేదు, పండగ తేదీలు తెలిస్తే ముప్పాతిక లెక్క తేలిపోతుంది.

గడులు నిండాక పండగలు మూడు రకాలుగా విడిపోతాయి. ఉగాది, వినాయక చవితి అక్కడా ఇక్కడా ఉన్నాయి. వీటికి లీవు ఖర్చుపెట్టను. అనంతపురం నాలుగు గంటల దారి, ఉగాది పచ్చడి అక్కడ తిని రాత్రికి తిరిగొచ్చేయొచ్చు. రెండో రకం, ఇక్కడ మాత్రమే సెలవు ఉండేవి: రాజ్యోత్సవం, దీపావళి వెనకాలే వచ్చే బలిపాడ్యమి. మూడోది, ఊళ్ళో పండగే గానీ ఇక్కడ పనిరోజు: భోగి, కనుమ, శ్రీరామనవమి. నా లీవులన్నీ ఈ మూడో రకానికే. ఇంత చిన్న సంగతి తెలుసుకోవడానికి నాకు రెండేళ్ళు పట్టింది. అంతకు ముందు దసరాకి లీవులు పెట్టేదాన్ని. కర్ణాటకలో ఆయుధపూజ, విజయదశమి రెండు రోజులూ వాళ్ళే ఇస్తుంటే, నేను అటో రోజు ఇటో రోజు అంటించుకుని, సంక్రాంతికి వచ్చేసరికి చేతులు ఊపుకుంటూ నిలబడేదాన్ని.

ఇక సంక్రాంతి. కోనసీమ వాళ్ళకి అసలు పండగ కనుమ. ఆ రోజు జగ్గన్నతోటలో ప్రభల తీర్థం. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ప్రభల్ని (రంగు గుడ్డలతో అలంకరించిన ఎత్తైన వెదురు కట్టడాలు) భుజాల మీద ఎత్తుకుని, పచ్చటి చేలల్లోంచి, కాలవలో దిగి తీసుకొస్తారు. అది చూడని సంక్రాంతి మా నాన్న దృష్టిలో సంక్రాంతే కాదు. పైగా "కనుమ నాడు కాకైనా కదలదు" అని సామెత. మా అమ్మకి అది సామెత కాదు, శాసనం. కనుమ సాయంత్రం బస్సు ఎక్కుతానంటే వాకిలికి అడ్డంగా నిలబడుతుంది. అంటే తిరుగు ప్రయాణం ముక్కనుమ రోజే. లీవు లెక్క వేసేటప్పుడు కనుమ దగ్గర ఆపితే తప్పైపోతుంది, ముక్కనుమ కూడా కలపాలి.

గడిచిన మూడేళ్ళు చూడండి. 2024లో భోగి ఆదివారం, సంక్రాంతి సోమవారం, కనుమ మంగళవారం. ప్రయాణం బుధవారం. రెండు లీవులతో శని నుంచి బుధ దాకా వచ్చింది. 2025లో భోగి జనవరి 13, సోమవారం. సంక్రాంతి మంగళవారం, కనుమ బుధవారం, ముక్కనుమ గురువారం. లెక్క ప్రకారం సోమ, బుధ, గురు మూడు లీవులు. నాకు నిజంగా ఎన్ని పోయాయో కింద చెబుతాను. 2026లో భోగి 14 బుధవారం, సంక్రాంతి 15 గురువారం, కనుమ 16 శుక్రవారం. ముక్కనుమ శనివారం పడింది కాబట్టి కాకి సమస్యే లేదు. బుధ, శుక్ర రెండు లీవులు పెడితే ఆదివారం దాకా ఊళ్ళోనే. ఇలా ఏ ఏడాదికి ఆ ఏడాది ఒక లీవు అటూ ఇటూ అవుతుంది. అందుకే సంక్రాంతికి నేను కళ్ళు మూసుకుని మూడు లీవులు పక్కన పెడతాను. మిగిలితే మిగిలింది.

ఆ పక్కన పెట్టేది ఎప్పుడు అన్నదే చాలామంది తప్పు చేసే చోటు. చాలా కంపెనీల్లో లీవులు జనవరితో మొదలై నెలకి ఒకటో ఒకటిన్నరో చొప్పున జమ అవుతాయి. సంక్రాంతి వచ్చేది జనవరి మధ్యలో. డిసెంబర్‌లో "ఎలాగూ పోతాయి కదా" అని లీవులన్నీ వాడేస్తే, జనవరి 13న పోర్టల్ తెరిచేసరికి ఖాతాలో ఒకటి ఉంటుంది. మా టీంలో ఒంగోలు అబ్బాయి సరిగ్గా ఇలాగే గోవా వెళ్ళొచ్చి, భోగి మంట దగ్గర ఉండాల్సినవాడు లాస్ ఆఫ్ పే (జీతం లేని సెలవు) ఫారం నింపాడు. మీ దగ్గర ఎన్ని లీవులు తర్వాతి ఏడాదికి తీసుకెళ్ళనిస్తారో, జమ అవ్వని లీవుని ముందే అడ్వాన్సుగా ఇస్తారో లేదో, ఈ రెండు ప్రశ్నలూ నవంబర్‌లోనే హెచ్‌ఆర్‌ని అడగండి. ఫోన్‌లో కాదు, మెయిల్‌లో.

సాండ్‌విచ్ రూల్ గురించి నేను దెబ్బ తిని నేర్చుకున్నాను. 2025లో అప్పటి కంపెనీలో జనవరి 10 శుక్రవారం కూడా కలిపి, 10 నుంచి 16 వరకు అని పోర్టల్‌లో ఒకే అప్లికేషన్ పెట్టాను. నా లెక్కలో పోవాల్సినవి శుక్ర, సోమ, బుధ, గురు నాలుగు. జనవరి జీతం స్లిప్పులో చూస్తే ఏడు పోయాయి. మధ్యలో ఉన్న శని, ఆదివారాలు, సంక్రాంతి సెలవు కూడా లీవు కిందే కోశారు. రెండు లీవుల మధ్య చిక్కుకున్న సెలవు లీవుగా మారిపోతుందని ఆ కంపెనీ పాలసీలో ఎక్కడో పదకొండో పేజీలో రాసి ఉందట. ఈ రూల్ అన్ని చోట్లా ఉండదు. ఉన్న చోట గుర్తుపెట్టుకోవాల్సింది ఇదీ: సెలవు అటూ ఇటూ లీవులు ఉంటే ప్రమాదం, లీవు అటూ ఇటూ సెలవులు ఉంటే క్షేమం. ఆ శుక్రవారం కక్కుర్తి పడకుండా ఇంటి నుంచి పని చేసి ఉంటే శని, ఆదివారాలైనా మిగిలేవి.

క్షేమమైన రకానికి ఉదాహరణ 2025 దీపావళి. కర్ణాటకలో నరక చతుర్దశికి అక్టోబర్ 20 సోమవారం, బలిపాడ్యమికి 22 బుధవారం సెలవు. మధ్యలో మంగళవారం ఒక్కటే పనిరోజు. ఆ ఒక్కటీ పెడితే శనివారం నుంచి బుధవారం దాకా ఐదు రోజులు. మన వైపు దీపావళి సోమవారమే కాబట్టి పండగ చేసుకుని, మర్నాడు పడుకుని, తీరిగ్గా తిరిగొచ్చాం. మా ఆయనకి మాత్రం సోమవారం ఒక్కటే సెలవు, మంగళ, బుధవారాలు అమలాపురంలో ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాడు. అంతకు ముందు ఏడాది 2024లో అయితే అక్టోబర్ 31 గురువారం, నవంబర్ 1 శుక్రవారం రాజ్యోత్సవం, 2 శనివారం బలిపాడ్యమి. లీవు లేకుండానే నాలుగు రోజులు. ఇలాంటివి రెండో గడిలో పెన్సిల్‌తో చుట్టేసి ఉంచండి.

కనుమకి లీవు దొరకడం వేరే కథ. మా టీంలో మదురై ఆవిడ ఉంది. మన కనుమ రోజే ఆవిడకి మాట్టు పొంగల్. ఇద్దరం ఒకే రోజు అడిగితే మేనేజర్ ఎవరో ఒకరినే వదులుతాడు. రెండేళ్ళు మా మధ్య మాటలు కూడా సరిగ్గా లేవు. తర్వాత ఒకరోజు టీ తాగుతూ, మనిద్దరికీ పట్టని పండగ ఎవరికి ముఖ్యమో వెతుకుదాం అనుకున్నాం. కాన్పూర్ అబ్బాయికి హోలీ కావాలి, మా లిస్టులో హోలీ లేదు. త్రిశూర్ అమ్మాయికి ఓణం కావాలి. ఇప్పుడు హోలీ రోజు అతని ఆన్‌కాల్ డ్యూటీ నేను చూస్తాను, ఓణానికి మదురై ఆవిడ చూస్తుంది. కనుమ నాడు వాళ్ళిద్దరూ మా బదులు కూర్చుంటారు. ఈ ఒప్పందాన్ని నవంబర్‌లోనే మేనేజర్‌కి రాసి పంపేస్తాం. "నాకు లీవు కావాలి" అని అడగడం కంటే "ఆ రోజు నా పని ఫలానావాళ్ళు చూస్తారు, బదులుగా ఈ రోజు నేను చూస్తాను" అని చెబితే కాదనడానికి మేనేజర్‌కి కారణం దొరకదు.

ఆప్షనల్ హాలిడేల లిస్టు ఖరారు కాకముందు కూడా ఒక మెయిల్ పెట్టి చూడండి. మా లిస్టులో వరమహాలక్ష్మి, ఓణం, శ్రీరామనవమి ఉండేవి, భోగి లేదు. తెలుగువాళ్ళం పదకొండు మందిమి సంతకాలు పెట్టి అడిగితే మరుసటి ఏడాది భోగి వచ్చింది. కనుమ అడిగితే మాత్రం ఆ ధార్వాడ్ అమ్మాయి నవ్వేసింది. రంజాన్, బక్రీద్ తేదీలు నెలవంకని బట్టి ఒక రోజు జరగొచ్చు, వాటి మీద ఆధారపడి వాపసు రాని టికెట్ కొనొద్దు. స్కూలు విషయంలో నేను పోరాటం మానేశాను. మా అక్క పిల్లలకి ఆంధ్రాలో సంక్రాంతికి వారం పైనే సెలవులు, మా పాపకి ఒక్క రోజు. డిసెంబర్‌లోనే క్లాస్ టీచర్‌కి ఉత్తరం రాసి, ఆ వారం పరీక్ష ఏదైనా ఉందా అని మాత్రం కనుక్కుంటాను.

ఎన్నికల మాట కూడా చెప్పుకోవాలి. 2024లో బెంగళూరు పోలింగ్ ఏప్రిల్ 26న, ఆంధ్రాలో మే 13 సోమవారం. ఇక్కడ ఓటు లేని నాకు ఏప్రిల్‌లో సెలవు దొరికింది, ఓటున్న రోజు మాత్రం లీవు పెట్టుకుని వెళ్ళాను. ఓటున్న ఉద్యోగికి పోలింగ్ రోజు జీతంతో సెలవు ఇవ్వాలని చట్టంలో ఉంది. నేను అడగలేదు, మీరు అడగండి.

చివరగా టికెట్. రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు మొదలవుతుంది, ప్రయాణం రోజుని కలపకుండా. 2024 నవంబర్‌కి ముందు 120 రోజులుండేది. జనవరి 13 ప్రయాణానికి నవంబర్ 14 పొద్దున్న 8 గంటలకి ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చోవాలి. నా లీవుల ఆదివారం నవంబర్ మొదట్లో పెట్టుకున్నది ఇందుకే. లీవు మంజూరయ్యాక టికెట్ తీద్దాం అనుకుంటే వెయిటింగ్ లిస్టే గతి, కాబట్టి ముందు టికెట్ తీసి తర్వాత లీవు అడగండి, కాన్సిల్ చేస్తే పోయేది కొద్దిగానే. అయితే మా వైపు వెళ్ళే శేషాద్రి, ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లు రెండూ ఇక్కడ పగలే కదులుతాయి. అంటే రైలెక్కే రోజు కూడా ఒక లీవో, కనీసం సగం లీవో పోయినట్టే. ఆ సగం రోజు మిగుల్చుకోవడానికి నేను వెళ్ళేటప్పుడు సాయంత్రం బస్సు, వచ్చేటప్పుడు రాజమండ్రి నుంచి రైలు చూస్తాను. రైలు దొరక్కపోతే ముక్కనుమ సాయంత్రం బస్సే. ప్రైవేటు బస్సులో మామూలు రోజుల్లో 1,300 ఉండే సీటు ఆ రోజు 3,800కి కొన్నాను ఒకసారి, కాళ్ళ కింద అరిసెల డబ్బా, ఒళ్ళో పాప. అలా వచ్చే పనైతే మర్నాడు పొద్దున్న మొదటి మీటింగ్ పదకొండుకి ముందు పెట్టుకోకండి. ఆ రోజు ఊళ్ళ నుంచి వచ్చే బస్సులన్నీ ఒకేసారి కె.ఆర్.పురం బ్రిడ్జి దగ్గరే ఆగి ఉంటాయి.