పరిశోధన పత్రం రాయడం నేర్చుకుందాం – 6: ప్రయోజన వైరుధ్యాల ప్రకటన

పోయిన పాఠంలో రచయితల పేర్ల వరుస ఎలా తేల్చుకోవాలో చూశాం. ఈసారి పేపరు చివర చిన్న అక్షరాల్లో ఉండే నాలుగు వాక్యాలు: ప్రయోజన వైరుధ్యాల (conflict of interest) ప్రకటన, అంటే పరిశోధన మీద ప్రభావం చూపగల డబ్బు, బంధుత్వం లాంటి సంబంధాల్ని చదివేవాళ్లకు చెప్పడం. చాలామంది సబ్‌మిట్ నొక్కే ముందు హడావుడిగా ‘ఎలాంటి ప్రయోజన వైరుధ్యాలూ లేవు’ అని కొట్టేసి ఊపిరి పీల్చుకుంటారు. పక్క పేపర్లోంచి కాపీ చేసి అతికించేవాళ్లూ ఉన్నారు. ‘లేవు’ అనేది కూడా మీరు సంతకం పెట్టి చెప్పే మాటే. టేబుల్లో మీరు వేసిన అంకె ఎంత నిజమై ఉండాలో ఇదీ అంత నిజమై ఉండాలి.

మన దగ్గర రోజూ జరిగేదే తీసుకుందాం. ఇందుకూరుపేట వైపు ఆరు రొయ్యల గుంటల్లో ఒక ప్రోబయోటిక్ (మేలు చేసే సూక్ష్మజీవులున్న మందు) మీద ట్రయల్ పెట్టారనుకోండి. మూడు గుంటలకు మందు కలిపిన మేత, మూడింటికి మామూలు మేత. మందు కంపెనీవాళ్లే ఉచితంగా ఇచ్చారు. నీళ్ల శాంపిళ్లు కంపెనీ ల్యాబ్‌లోనే చూశారు. మూడో రచయిత అయిన గైడ్ గారు కిందటేడు ఆ కంపెనీ పెట్టిన రైతు సదస్సులో మాట్లాడి పారితోషికం తీసుకున్నారు. రెండో రచయిత బావమరిదికి అదే కంపెనీ డీలర్‌షిప్ ఉంది. పట్టుబడి అయ్యాక లెక్క చూస్తే మందు వేసిన గుంటల్లో రొయ్య బాగా బతికింది, మేత కలిసొచ్చింది. పేపరు రాసే విద్యార్థి అంటాడు: ‘మేం డబ్బు తీసుకోలేదు సార్, మందే కదా ఇచ్చారు. లెక్కలు నేనే వేశాను, ఒక్క అంకె మార్చలేదు.’

అతను నిజమే చెబుతున్నాడు. అయినా ‘లేవు’ అని రాయకూడదు. ప్రభావం పడిందా లేదా అని తేల్చాల్సింది ఆ సంబంధం ఉన్న మనిషి కాదు, చదివేవాడు. ఈ పాఠంలో ఒక్కటే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి. వెల్లడించడం తప్పు ఒప్పుకోవడం కాదు. సంబంధం ఉండటం నేరమూ కాదు. మేత, సీడు, మందు కంపెనీల సాయం లేకుండా మన జిల్లాల్లో ఆక్వా ట్రయల్ జరగడమే కష్టం. కానీ ఆ పేపర్లోని మాటను టెక్నీషియన్ నోట విని, అప్పు చేసి గుంట లీజుకు తీసుకున్న రైతు మందు కొంటాడు. ఆ మాట ఎటువైపు నుంచి వచ్చిందో తెలుసుకునే హక్కు అతనికుంది.

సంబంధానికీ అభిప్రాయానికీ ముడి ఉంటుందన్నది ఊహ కాదు. 1998లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక అధ్యయనం వచ్చింది. కాల్షియం చానల్ బ్లాకర్లనే బీపీ, గుండె జబ్బు మందులు క్షేమమా కాదా అని అప్పట్లో పెద్ద వాదన నడుస్తోంది. వాటిని సమర్థిస్తూ రాసినవాళ్లలో 96 శాతం మందికి ఆ మందుల తయారీదార్లతో ఆర్థిక సంబంధాలున్నాయి. తటస్థంగా రాసినవాళ్లలో అది 60 శాతం, విమర్శించినవాళ్లలో 37 శాతం. వీళ్లంతా అబద్ధాలు రాశారని దీనర్థం కాదు. తనకు తెలియకుండానే మనిషి ఒక పక్కకు ఒరుగుతాడు.

ఇదే జర్నల్లో 1967లో ఒక సమీక్ష వచ్చింది. గుండె జబ్బుల్లో కొవ్వును ముందుకు తెచ్చి, చక్కెర పాత్రను తగ్గించి చూపింది. దానికి అమెరికా చక్కెర పరిశ్రమ సంస్థ హార్వర్డ్ పరిశోధకులకు 6,500 డాలర్లు ఇచ్చిన సంగతి 2016లో పాత ఉత్తరాలు తవ్వాక బయటపడింది. ఆ రోజుల్లో చెప్పమని అడిగిన నియమమే లేదు. ఆ జర్నల్ రచయితల నుంచి వెల్లడి కోరడం మొదలైంది 1984లో.

ఇక ఫారం సంగతి. అంతర్జాతీయ వైద్య జర్నళ్ల సంపాదకుల సంఘం తయారుచేసిన ఫారాన్ని చాలా జర్నళ్లు వాడతాయి. అందులో రెండు కాలపరిమితులుంటాయి, ఇక్కడే పొరబడతారు. ఈ పేపరుకు నేరుగా అందిన సాయమైతే ఎప్పుడందినా రాయాలి: నిధులు, మందు, పరికరాలు, రాతలో సాయం, అన్నీ. దీనికి బయటి సంబంధాలైతే గత 36 నెలలవి రాయాలి: కన్సల్టెన్సీ, ఉపన్యాసాల పారితోషికం, ప్రయాణ ఖర్చులు, పేటెంట్లు, షేర్లు. ఫారం ప్రతి రచయితా విడిగా నింపాలి. గైడ్ గారిది విద్యార్థి నింపేయడం మన దగ్గర మామూలైపోయింది, అది మానుకోవాలి. ‘సార్, మీ ఫారం మీరే చూసి పంపండి’ అని మర్యాదగా మెయిల్ పెడితే ఎవరూ తప్పుపట్టరు.

డబ్బు కాని సంబంధాలను మనవాళ్లు అసలు లెక్కలోకే తీసుకోరు. రివ్యూయర్ల (అచ్చుకు ముందు పేపరును పరిశీలించే నిపుణుల) పేర్లు సూచించమంటే గైడ్ గారి పాత శిష్యుణ్ణో, కలిసి పేపర్లు రాసిన స్నేహితుణ్ణో రాస్తారు. రాయకండి. మీకే ఎవరి పేపరైనా సమీక్షకు వచ్చి, అది మీ సహచరుడిదో పోటీదారుడిదో అయితే వెంటనే ఎడిటర్‌కు చెప్పి తప్పుకోండి.

దాచినది తర్వాత బయటపడితే ఎడిటర్ ముందు రచయితల్ని వివరణ అడుగుతారు. మామూలుగా సవరణ ప్రచురిస్తారు. ఫలితాలనే నమ్మలేని స్థితి ఉంటే పేపరు వెనక్కి తీసుకుంటారు.

ఇప్పుడు మన రొయ్యల పేపరుకు ప్రకటన రాద్దాం. ‘కొందరు రచయితలకు పరిశ్రమతో పరిచయం ఉంది’ అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. ఎవరు, ఎవరితో, ఏమిటి అన్నవి మూడూ కనపడాలి. ముందు తెలుగులో రాసుకోండి, ఇంగ్లిషులోకి తర్వాత మార్చుకోవచ్చు.

‘ఈ ట్రయల్‌లో వాడిన ప్రోబయోటిక్‌ను ఫలానా కంపెనీ ఉచితంగా ఇచ్చింది. నీటి పరీక్షలు అదే కంపెనీ ల్యాబ్‌లో జరిగాయి. ట్రయల్ రూపకల్పన, ఫలితాల విశ్లేషణ, పేపరు రచన, ప్రచురణ నిర్ణయాల్లో కంపెనీకి పాత్ర లేదు. మూడో రచయిత కిందటేడు ఈ కంపెనీ నుంచి ఉపన్యాసానికి పారితోషికం అందుకున్నారు. రెండో రచయిత దగ్గరి బంధువు ఈ కంపెనీ డీలర్. మొదటి రచయితకు వెల్లడించాల్సినవి లేవు.’

మూడో వాక్యాన్ని నిజమైతేనే రాయాలి. గుంటల్ని కంపెనీ టెక్నీషియనే ఎంచి ఉంటే అదే రాయండి. నీటి పరీక్షల మాట విడిగా ఎందుకు రాశామంటే, రివ్యూయర్ మొదట అడిగేది అదే. అడగకముందే చెప్పేయడం పేపరుకు మంచిది.

అభ్యాసం. ఒంగోలులో పనిచేసే ఒక లెక్చరర్ కొండపి, టంగుటూరు చుట్టుపక్కల పొగాకు కోసే కూలీల మీద సర్వే చేశారనుకుందాం. తడి ఆకు తాకినప్పుడు చర్మం ద్వారా నికోటిన్ ఎక్కి వచ్చే వాంతులు, తలతిరుగుడు గురించి. ఆయన తండ్రికి పొగాకు బ్యారన్ (ఆకును వేడితో ఆరబెట్టే కొట్టం) ఉంది. సర్వే ఖర్చు పెట్టిన స్వచ్ఛంద సంస్థకు విరాళం ఒక సిగరెట్ కంపెనీది. ఐదు వాక్యాలకు మించకుండా ప్రకటన రాయండి. ఆ తర్వాత ఇది ఆలోచించండి: బీఎంజే అనే బ్రిటన్ వైద్య జర్నల్ 2013 నుంచి పొగాకు పరిశ్రమ నిధులతో జరిగిన పరిశోధనల్ని తీసుకోవడం లేదు. ఈ పేపరు అక్కడికి పంపాలనుకుంటే, ఎడిటర్‌కు రాసే కవర్ లెటర్‌లో విరాళం సంగతి ఏ మాటల్లో చెబుతారు? ఆ ఉత్తరం రాసి దగ్గర పెట్టుకోండి, వచ్చే పాఠం కవర్ లెటర్ మీదే.