ఇంగ్లిషు కథలు చదువుతున్నా కొత్త మాటలు నిలవడం లేదా? లోపం ఎక్కడుందో చూడండి

విశాఖపట్నం ద్వారకానగర్‌లో బ్యాంకు పరీక్షల కోచింగ్‌కు వెళ్లేవాళ్ల సంచిలో పదాల జాబితా ఒకటి తప్పకుండా ఉంటుంది. దాని బదులు ఇంగ్లిషు చిన్న కథలు చదవమంటే ఉత్సాహంగానే మొదలుపెడతారు. రెండు వారాలు తిరగకుండానే మళ్లీ జాబితా బయటికి వస్తుంది. అందరూ ఆగిపోయే చోట్లు దాదాపు ఒకటే. మీ ఇబ్బంది ఏదో చూసుకుని నేరుగా అక్కడికే వెళ్లండి.

ఒక్క పేజీకే అరగంట పడుతోంది

కథ మీ స్థాయికి మించినది, అంతే. సాయం లేకుండా చదివి అర్థం చేసుకోవాలంటే నూరు మాటల్లో దాదాపు 98 ముందే తెలిసి ఉండాలని పదసంపద మీద ఏళ్ల తరబడి పనిచేసిన పాల్ నేషన్ వంటి పరిశోధకులు చెబుతారు. తెలియనివి రెండే అయితే చుట్టూ ఉన్న మాటలు వాటి అర్థాన్ని పట్టిస్తాయి. పదిహేను అయితే ఊహించడానికి ఆధారమే మిగలదు.

పుస్తకం తీసుకునే ముందే మధ్యలో ఒక పేజీ తెరిచి సుమారు నూరు మాటలు చదవండి. తెలియని మాట తగిలినప్పుడల్లా ఒక వేలు ముడవండి. ఐదు వేళ్లూ ముడుచుకున్నాయంటే మొహమాటపడకుండా దాన్ని అరలో పెట్టేయండి. ద్వారకానగర్‌లోనే ఉన్న పౌర గ్రంథాలయంలో ఈ పరీక్ష చేసుకుంటే పుస్తకం కొని బాధపడే అవసరం ఉండదు.

కథ చిన్నదైతే భాష సులువుగా ఉంటుందని అనుకోకండి. అమెరికన్ రచయిత ఓ హెన్రీ కథలు కొన్ని పేజీలే, కానీ వాటి నిండా వందేళ్లకు పైబడిన న్యూయార్క్ వాడుక, సరదాకి వాడిన బరువైన పదాలు. ఆయన 1910లోనే పోయాడు, రచనల హక్కుల గడువు ఎప్పుడో తీరింది, ఉచితంగా దొరుకుతాయి. అందుకే చాలామంది ఆయనతో మొదలుపెట్టి, ఆయన దగ్గరే ఆగిపోతారు. ఆర్.కె. నారాయణ్ వాక్యం తేలిక. పైగా ఆ వీధులు, ఆ బడులు, ఆ గుమాస్తాలు మనకు తెలిసినవే కాబట్టి కొత్త మాట కూడా ఊహకు అందుతుంది.

అదీ కష్టమైతే మెట్ల వారీగా రాసిన పుస్తకాలు ఉన్నాయి. ఆక్స్‌ఫర్డ్ బుక్‌వార్మ్స్ వరుసలో 1వ మెట్టు 400 మూలపదాలతో మొదలై, 3వ మెట్టుకు 1,000, 6వ మెట్టుకు 2,500 అవుతాయి. ఇవి పిల్లల పుస్తకాలని డిగ్రీ చదివేవాళ్లు చిన్నతనంగా భావిస్తారు. అర్థంకాని పెద్ద పుస్తకం చేతిలో పట్టుకుని తిరగడంలో ఉన్న గొప్ప ఏమిటో నాకు తెలియదు.

నిఘంటువు చూసినా వాక్యం అర్థం కాలేదు

మొదట కనిపించిన అర్థాన్నే తీసుకుని ఉంటారు. లేదా విడదీయకూడని మాటలను విడదీసి ఉంటారు. పుట్, అప్, విత్ మూడూ తెలిసినవే. మూడూ కలిస్తే ఓర్చుకోవడం అవుతుంది. క్రియ పక్కన అప్, ఆఫ్, ఔట్ లాంటి చిన్న మాట ఉంటే కలిపే వెతకండి. నేర్చుకునేవాళ్ల కోసం తయారైన నిఘంటువు వాడండి. లాంగ్‌మన్ 1978లో తెచ్చినది సుమారు 2,000 తేలిక మాటలతోనే అర్థాలు వివరించింది. ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ వారివి కూడా ఫోనులో ఉచితంగా చూడవచ్చు.

అయితే మొదటిసారి చదివేటప్పుడు నిఘంటువు జోలికే వెళ్లకండి. కథ ఏమవుతుందో తెలుసుకోవడానికి చదవండి, తెలియని మాట కింద పెన్సిలు గీత పెట్టి ముందుకు సాగండి. గ్రంథాలయం పుస్తకమైతే చీటీ పెట్టండి, గీతలొద్దు. రెండోసారి చదివేటప్పుడు గీత పెట్టిన వాటిలో కథకు నిజంగా అడ్డుపడిన ఐదారింటినే వెతకండి.

నోటుబుక్కు నిండింది, బుర్రలో ఏమీ లేదు

మాట పక్కన అర్థం రాసుకుంటే చెయ్యి అలసిపోతుంది కానీ జ్ఞాపకానికి పని పడదు. నేర్చినది మొదటి గంటల్లోనే వేగంగా జారిపోతుందని జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ 1885లోనే చూపించాడు. నిలవాలంటే, మరచిపోబోయే సమయానికి చూడకుండా గుర్తు తెచ్చుకోవాలి. దీనికి సెబాస్టియన్ లైట్‌నర్ అనే జర్మన్ రచయిత 1972లో, గదులుగా విభజించిన అట్టపెట్టెతో ఒక పద్ధతి చెప్పాడు. ప్రతి మాటకూ ఒక కార్డు. జవాబు తట్టితే కార్డు తరువాతి గదిలోకి వెళుతుంది, మళ్లీ ఆలస్యంగా చూస్తారు. తట్టకపోతే మొదటి గదికి వస్తుంది, రేపే చూస్తారు.

కార్డు మీద ఒంటి మాట రాయకండి. కథలోని వాక్యం రాసి, ఆ మాట ఉన్నచోట ఖాళీ వదిలి, జవాబు వెనుక రాయండి. గాజువాక నుంచి మద్దిలపాలెం దాకా బస్సులో కూర్చుంటే ఒక కట్ట సులువుగా పూర్తవుతుంది. ఇంకొకటి: కొన్నాళ్లు ఒకే రచయితను చదవండి. ప్రతి రచయితకూ ఇష్టమైన మాటలుంటాయి, అవే తిరిగి తిరిగి ఎదురవుతాయి. వారానికో కొత్త రచయితను పట్టుకుంటే ఈ లాభం పోతుంది.

చదివితే తెలుస్తుంది, మాట్లాడితే రాదు

గుర్తుపట్టడం వేరు, వాడడం వేరు. తెలుగులో కూడా మనకు తెలిసిన మాటల్లో వాడేవి కొన్నే. సాయంత్రం బీచ్ రోడ్డులో నడుస్తూ స్నేహితుడికి ఆ కథను ఇంగ్లిషులో రెండు నిమిషాల్లో చెప్పండి. అందులోని మూడు మాటలు తప్పక రావాలన్నదే నియమం.

పలికితే ఎదుటివారు నవ్వుతున్నారు

తెలుగు అక్షరాన్ని నమ్మినట్టు ఇంగ్లిషు అక్షరాన్ని నమ్మడం వల్ల వచ్చే చిక్కు ఇది. ఫోను నిఘంటువులో మాట పక్కన స్పీకరు గుర్తు ఉంటుంది. కార్డు రాయకముందే దాన్ని నొక్కి విని, రెండుసార్లు పైకి అనండి.