హిస్టరెసిస్ మోడల్ చేయాలంటే ముందు మలుపులు కొలవండి: ట్రాన్స్‌ఫార్మర్ కోర్‌కి, వేడి సెన్సార్‌కి ఒకటే పద్ధతి

వరంగల్, హన్మకొండ, కరీంనగర్ సైడ్ ఇంజనీరింగ్ పిల్లలు ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్‌కి గానీ ఎంటెక్ థీసిస్‌కి గానీ హిస్టరెసిస్ (ఇన్‌పుట్ పెంచేటప్పుడు అవుట్‌పుట్ ఒక దారిల, తగ్గించేటప్పుడు ఇంకో దారిల పోయే గుణం) తీసుకుంటే దాదాపు అందరు ఒకటే పని చేస్తరు, ఇన్‌పుట్‌ని ఈ కొస నుంచి ఆ కొసదాక తీస్కపోయి తెచ్చే పెద్ద లూప్ ఒక్కటి కొలుస్తరు, దానికి ఏదో ఒక ఫార్ములా ఫిట్ చేస్తరు, కొలిచిన గీత మీద ఫార్ములా గీత కూసున్నదంటే పని అయిపోయిందనుకుంటరు. సగం పని కూడా కాలేదు అప్పటికి. పెద్ద లూప్‌కి ఏ ఎస్ ఆకారం ఫంక్షన్ అయినా ఫిట్ అయితది, దాంట్ల గొప్పేం లేదు. మధ్యల వెనక్కి తిరిగినప్పుడు (ఆ తిరిగే చోటునే మలుపు అంటున్న) ఏమైతది, మల్ల ముందుకొస్తే ఏ దారిల వస్తది, అదే అసలు పరీక్ష. నిజం సర్క్యూట్ల, నిజం సెన్సార్ల పని అంత ఆ చిన్న లూపులల్లనే నడుస్తది కాబట్టి ఈ గైడ్ మొత్తం వాటి గురించే.

ముందుగాల రెండు మెటీరియల్స్ సంగతి. ఒకటి అందరికి తెలిసిన అయస్కాంతం కోర్, అంటే ట్రాన్స్‌ఫార్మర్ల ఉండే సిలికాన్ స్టీల్ లేకపోతే ఫెర్రైట్. దీనికి ఇన్‌పుట్ మాగ్నెటిక్ ఫీల్డ్, అవుట్‌పుట్ ఫ్లక్స్ డెన్సిటీ. రెండోది వెనేడియం డయాక్సైడ్ పల్చటి ఫిల్మ్. ఇది 68 డిగ్రీల దగ్గర ఇన్సులేటర్ లాంటి స్థితి నుంచి మెటల్ స్థితికి మారుతది, 1959ల మోరిన్ అనే శాస్త్రవేత్త ఈ సంగతి బయటపెట్టిండు, రెసిస్టెన్స్ మంచి ఫిల్మ్‌ల వేల రెట్లు పడిపోతది. వేడి చేసేటప్పుడు ఒక దారి, చల్లారేటప్పుడు ఇంకో దారి, రెండిటి మధ్య తేడా ఫిల్మ్ క్వాలిటీని బట్టి కొన్ని డిగ్రీలు ఉంటది. ఇన్‌ఫ్రారెడ్ కిరణాలు పడి ఫిల్మ్ జెర వేడెక్కితే రెసిస్టెన్స్ మారుతది, దాన్నే సిగ్నల్ లెక్క చదువుతం, బోలోమీటర్ అంటే అదే. సబ్‌స్టేషన్ల జాయింట్లు వేడెక్కినయా అని చూసే థర్మల్ కెమెరాలల్ల గూడ వెనేడియం ఆక్సైడే ఎక్కువ వాడుతరు, కానీ అది మిశ్రమ ఆక్సైడ్, రూమ్ టెంపరేచర్‌ల హిస్టరెసిస్ లేకుండ డిగ్రీకి సుమారు 2 శాతం మారేటట్టు తయారు చేస్తరు. డయాక్సైడ్‌ని మారే చోట వాడితే డిగ్రీకి పదుల శాతం మార్పు దొరుకుతదని ఆశ, కానీ అక్కడ హిస్టరెసిస్ అడ్డం వస్తది, ఎంత అడ్డం వస్తదో కింద లెక్కతోని చూపిస్త.

ఏ మోడల్ తీసుకోవాలె అంటే మీ పని ఏందో ముందు తేల్చుకోండి. లాస్ ఎంత అనేదొక్కటే కావాలంటే అసలు హిస్టరెసిస్ మోడలే అక్కర్లేదు, 1892ల స్టైన్‌మెట్జ్ ఇచ్చిన సూత్రం చాలు, ఫ్లక్స్ డెన్సిటీ పీక్‌ని 1.6 పవర్‌కి పెంచి ఫ్రీక్వెన్సీతోని గుణించి ఒక కాన్‌స్టెంట్ పెడితే అయిపోతది, ఇప్పటి మెటీరియల్స్‌కి ఆ 1.6 బదులు మీ డేటా నుంచే పవర్ తీసుకోండి. సర్క్యూట్ సిమ్యులేషన్‌ల టైమ్‌తోని పాటు నడవాలంటే జైల్స్-ఆథర్టన్ మోడల్ తేలిక, ఐదు పారామీటర్లు ఉంటయి, డిఫరెన్షియల్ ఈక్వేషన్ కాబట్టి సాల్వర్‌ల సాఫీగ కూసుంటది. కానీ దాంట్ల చిన్న లూపులు సరిగ్గ మూసుకోవు, ఇంకా ఫీల్డ్ తిరిగిన వెంటనే స్లోప్ నెగెటివ్‌కి పోయే తేడా ఉంటది, ఆ టైమ్‌ల ఇర్రివర్సిబుల్ భాగం డెరివేటివ్‌ని సున్న చేయాలె, ఇది కోడ్‌ల తప్పకుండ పెట్టండి. చిన్న లూపులు ముఖ్యం అనుకుంటే మాత్రం 1935 నాటి ప్రైజాక్ మోడలే నా మాట, పాత మలుపులు గుర్తు పెట్టుకొని అవుట్‌పుట్ లెక్కగట్టే మోడల్ ఇది. ఇది కోర్‌కి ఎట్ల పనిచేస్తదో వెనేడియం ఫిల్మ్‌కి అట్లనే పనిచేస్తది, ఫీల్డ్ బదులు టెంపరేచర్ ఇచ్చుడే. వెనేడియం సెన్సార్ కోసమే బ్రెజిల్ పరిశోధకులు 2000ల మొదట్ల ఇంకో మోడల్ గూడ ఇచ్చిన్రు, చిన్న లూప్ మలుపు పెద్ద లూప్‌కి ఎంత దగ్గరుందో దాన్ని బట్టి గీత జరిపే పద్ధతి, ఒక్క ఫార్ములాల అయిపోతది, మైక్రోకంట్రోలర్‌ల పెట్టాలంటే అది నయం.

ఇగ కొలత. ప్రైజాక్ అనంగనే డిస్ట్రిబ్యూషన్ ఫంక్షన్, డబుల్ డెరివేటివ్ అని పుస్తకాలు భయపెడ్తయి, అది చేయకండి. కొలిచిన డేటాల నాయిస్ ఉంటది, రెండుసార్లు డెరివేటివ్ తీస్తే ఆ నాయిస్ వందరెట్లు అయి గ్రాఫ్ అంత ముళ్ళకంప అయితది. దానికంటే మలుపు కర్వులు కొలిచి ఎవెరెట్ టేబుల్ నేరుగ కట్టుకోండి. పద్ధతి ఇది: ఇన్‌పుట్‌ని అడుగుకు తీస్కపోయి రీసెట్ చేయాలె, అక్కడి నుంచి పెద్ద లూప్ ఎక్కే గీత మీద ఒక పాయింట్ దాక పోయి ఆగాలె, అక్కడ్నుంచి కిందికి దిగుతూ అడుగుదాక రికార్డ్ చేయాలె. మల్ల రీసెట్, ఈసారి ఇంకొంచెం పైకి పోయి దిగాలె. ఇట్ల పది పదిహేను మలుపులు తీస్తే, ఏ మలుపు నుంచి ఏ పాయింట్‌కి దిగితే అవుట్‌పుట్ ఎంత తగ్గిందో ఒక టేబుల్ తయారైతది. ఎవెరెట్ టేబుల్ అంటే ఇదే, దీన్ని మనం తగ్గుడు టేబుల్ అనుకుందాం. ఎక్కేటప్పుడు గూడ ఇదే టేబుల్ వాడాలె, అదే దీని అందం.

కోర్ కొలిచేటోళ్ళకి: సన్నటి రింగ్ ఆకారం కోర్ దొరికితే బంగారం, పాత యూపీఎస్‌లు, స్టెబిలైజర్లు విప్పినయి మోటర్ వైండింగ్ షాపులల్ల అడిగితే దొరుకుతయి. బయట డయామీటర్ లోపలి డయామీటర్ కంటే మరీ పెద్దగ ఉండొద్దు, లేకపోతే లోపల ఒక ఫీల్డ్, బయట ఇంకో ఫీల్డ్ ఉంటది. లెక్క జూడండి, లోపల 50 మిల్లీమీటర్లు, బయట 60, ఎత్తు 20 అనుకుంటే సగటు చుట్టుకొలత 0.173 మీటర్లు, ఏరియా 100 చదరపు మిల్లీమీటర్లు. ప్రైమరీ 100 చుట్లు వేసి 1 ఆంపియర్ పంపిస్తే ఫీల్డ్ మీటర్‌కి 579 ఆంపియర్లు. సెకండరీ గూడ 100 చుట్లు అయితే 50 హెర్ట్జ్ దగ్గర 1.5 టెస్లా పీక్‌కి 3.33 వోల్టులు (ఆర్‌ఎంఎస్) వస్తది. మరి మనం 50 హెర్ట్జ్‌ల కొలవొద్దు గదా, ఎడ్డీ కరెంట్లు (కోర్ లోపల పుట్టే సుడి కరెంట్లు) లూప్‌ని వెడల్పు చేస్తయి, 1 హెర్ట్జ్‌కి దిగాలె, అప్పుడు అదే 3.33 వోల్టులు 67 మిల్లీవోల్టులకు పడిపోతది. అందుకే సెకండరీ 500 చుట్లు వేయండి, ఓపిక కావాలె కానీ సిగ్నల్ మంచిగొస్తది. సెకండరీ వోల్టేజ్‌ని ఇంటిగ్రేట్ చేస్తేనే ఫ్లక్స్, ఆర్‌సీ సర్క్యూట్ కంటే డేటా తీసుకొని పైథాన్‌ల చేసుకోవడం నయం, చిన్న ఆఫ్‌సెట్ ఉన్నా గీత ఎటో కొట్టుకుపోతది కాబట్టి ఇంటిగ్రేట్ చేసేముందు దాన్ని తీసేయండి. నేరుగ మెయిన్స్ నుంచి వేరియాక్ (వోల్టేజ్ పెంచి తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్) పెట్టి కోర్‌కి ఇవ్వొద్దు, మధ్యల ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి.

ఫిల్మ్ కొలిచేటోళ్ళకి: హాట్‌ప్లేట్ మీద రాగి బిళ్ళ, దాని మీద థర్మల్ పేస్ట్‌తోని ఫిల్మ్, పక్కనే ఆనుకొని పీటీ-100 అనే టెంపరేచర్ సెన్సార్. కొలిచే కరెంట్ చానా తక్కువ ఉండాలె, ఎక్కువైతే కరెంటే ఫిల్మ్‌ని వేడి చేస్తది, కరెంట్ సగం చేసి చూడండి, రెసిస్టెన్స్ మారిందంటే ఇంకా తగ్గించాలె. వేడి నిమిషానికి ఒక డిగ్రీ కంటే వేగంగ మార్చొద్దు. 35 నుంచి 75 దాక పోయి రావడానికి 80 నిమిషాలు పడ్తది, 15 మలుపులు అంటే 20 గంటల పని, ఆటోమేట్ చేసుకోక తప్పదు. మన దగ్గర ఇంకో రెండు సంగతులున్నయి. మే నెలల రామగుండం, వరంగల్ సైడ్ బయటనే 44, 45 ఉంటది, ఏసీ లేని ల్యాబ్‌ల ప్లేట్ 35కి ఎన్నటికి దిగదు, ఎండాకాలం అయితే రాత్రి పూట పెట్టుకోండి, లేకుంటే కూలింగ్ ఫ్యాన్‌తోని పాటు పెల్టియర్ (కరెంట్‌తోని చల్లబరిచే బిళ్ళ) పెట్టుకోండి. రెండోది కరెంట్. కొలత మధ్యల కరెంట్ పోయి ఫిల్మ్ చల్లారితే, మల్ల వచ్చినంక అదే పాయింట్ నుంచి మొదలు పెడతం అంటే నడవదు, ఎందుకంటే ఫిల్మ్ ఇప్పుడు వేరే చరిత్ర మోస్తున్నది, టెంపరేచర్ అదే ఉన్నా స్థితి అదే కాదు. ఆ కర్వ్ పక్కన పారేసి రీసెట్ నుంచి మల్ల తీయాలె. యూపీఎస్ ఉంటే ఈ బాధ ఉండదు.

రెండింటికి పనికొచ్చే ఒక పరీక్ష చెప్త, ఇది చేయకుంటే మిగిలిందంత వృథా. వేగం సగం చేసి అదే లూప్ మల్ల కొలవండి. వెడల్పు తగ్గిందంటే మీరు కొలిచింది హిస్టరెసిస్ ఒక్కటే కాదు, లేట్ గూడ కలిసింది, ఫిల్మ్ దగ్గర అది సెన్సార్‌కి వేడి చేరే లేట్, కోర్ దగ్గర అది ఎడ్డీ కరెంట్. వెడల్పు మారకుండ నిలబడేదాక వేగం తగ్గిస్తనే ఉండాలె.

ఫిల్మ్ డేటాని నేరుగ రెసిస్టెన్స్‌గ ప్రైజాక్‌కి ఇవ్వకండి. రెసిస్టెన్స్ వేలరెట్లు మారుతది, టేబుల్‌ల చిన్న అంకెలు పెద్ద అంకెల కింద మునిగిపోతయి. దాన్ని ముందు మెటల్ భాగంగ మార్చాలె, 0 అంటే మొత్తం ఇన్సులేటర్, 1 అంటే మొత్తం మెటల్. 50 డిగ్రీల లోపు డేటాని రెసిస్టెన్స్ లాగరిథమ్, కెల్విన్ టెంపరేచర్ రెసిప్రోకల్ గ్రాఫ్ వేస్తే సీదా గీత వస్తది, దాని స్లోప్ నుంచి యాక్టివేషన్ ఎనర్జీ వస్తది. ఆ గీతని పైదాక పొడిగిస్తే ఏ టెంపరేచర్ దగ్గరైనా ఉత్త ఇన్సులేటర్ రెసిస్టెన్స్ ఎంతుండాల్నో తెలుస్తది. కొలిచిన రెసిస్టెన్స్‌ల నుంచి ఫిల్మ్ మొత్తం మెటల్ అయినంక ఉండే రెసిస్టెన్స్ తీసేసి ఈ ఉత్త ఇన్సులేటర్ రెసిస్టెన్స్‌తోని భాగిస్తే ఇన్సులేటర్ భాగం, ఒకట్ల నుంచి అది తీసేస్తే మెటల్ భాగం.

ఇప్పుడు కోడ్ గుండెకాయ, మలుపుల స్టాక్. ప్రతి మలుపు దగ్గర ఇన్‌పుట్, అవుట్‌పుట్ జంటని స్టాక్‌ల పెట్టాలె, ఎనుమాముల మార్కెట్ల మిర్చి బస్తాలు నెట్టు కట్టినట్టు, తీసేటప్పుడు పైదే ముందు రావాలె. ఇన్‌పుట్ పాత మలుపును దాటిందంటే ఆ జంట మలుపులు రెండూ తీసిపారేయాలె, మెటీరియల్ వాటిని మర్చిపోయినట్టు లెక్క. ఒక దారి పట్టుకొని పోదాం, అంకెలు లెక్క చూపియ్యడానికే తీసుకున్న. ఫిల్మ్ 30 డిగ్రీల దగ్గర, మెటల్ భాగం 0. వేడి చేస్తే 65 దగ్గర 0.25, 69 దగ్గర 0.60, అక్కడ తిప్పినం, స్టాక్‌ల 69తోని 0.60 పెట్టినం. 62కి దిగినం, టేబుల్‌ల 69 నుంచి 62కి తగ్గుడు 0.18, కాబట్టి 0.42. మల్ల మలుపు, 62తోని 0.42 పెట్టినం. 65కి ఎక్కినం, టేబుల్‌ల 65 నుంచి 62కి తగ్గుడు 0.03, ఎక్కుడు గూడ అంతే, 0.45. మలుపు పెట్టినం. ఇప్పుడు 61కి దిగుతున్నం, 62 దాటంగనే 65, 62 జంట స్టాక్ నుంచి పోయింది, పైన మిగిలింది 69. లెక్క అక్కడి నుంచే, 69 నుంచి 61కి తగ్గుడు 0.25, కాబట్టి 0.35. ఇది తుడుచుకోకుండ 65 నుంచే కిందికి లెక్కబెడితే, 65 నుంచి 61కి తగ్గుడు 0.05 కాబట్టి, 0.40 వచ్చేది. ఈ రెండు అంకెల మధ్య తేడాల్నే చానా మంది మోడల్స్ కొట్టుకుపోతయి.

ఇదే దారిల ఇంకొకటి గమనించండి. పెద్ద లూప్ మీద 65 నుంచి 69కి 0.35 పెరిగింది, డిగ్రీకి దాదాపు 0.09. చిన్న లూప్‌ల 62 నుంచి 65కి పెరిగింది 0.03, డిగ్రీకి 0.01. తొమ్మిది రెట్లు తక్కువ. సెన్సార్ మీద పడే సిగ్నల్ డిగ్రీల చిన్న ముక్క అంత, అది ఎప్పుడు చిన్న లూప్ లోపలనే ఊగుతది, పెద్ద లూప్ స్లోప్ తీసుకొని నా సెన్సార్ సెన్సిటివిటీ ఇంత అని రిపోర్ట్‌ల రాస్తే అది తప్పు లెక్క. వెనేడియం డయాక్సైడ్ సెన్సార్ గురించి ఏం రాసినా ఈ ఒక్క సంగతి తప్పకుండ రాయండి.

టేబుల్‌ల లేని పాయింట్లకి నాలుగు పక్కల అంకెల మధ్య బైలీనియర్ ఇంటర్‌పొలేషన్ చాలు, మలుపు పాయింట్, దిగిన పాయింట్ ఒకటే అయిన చోట తగ్గుడు సున్న అని బలవంతంగ పెట్టండి. మలుపు నుంచి దూరం పోయినకొద్ది తగ్గుడు పెరగాలె గానీ తగ్గొద్దు, నాయిస్ వల్ల ఎక్కడన్న ఎదురు తిరిగితే సాపు చేయండి, లేకుంటే సిమ్యులేషన్‌ల నెగెటివ్ స్లోప్ వచ్చి సాల్వర్ ఆగిపోతది.

చివరికి పరీక్ష. టేబుల్‌కి వాడని దారి ఒకటి కొలవండి, దాంట్ల లోపల లూప్, ఆ లూప్‌ల ఇంకో లూప్ ఉండాలె, మోడల్‌ని దాని మీద నడిపించండి. మేయర్‌గోయ్జ్ అనే పరిశోధకుడు 1986ల తేల్చింది ఏందంటే ప్రైజాక్ పనిచేయాలంటే రెండు గుణాలు ఉండాలె, పాత మలుపులు తుడుచుకుపోవుడు ఒకటి, ఒకే హద్దుల మధ్య కొలిచిన చిన్న లూపులు ఎక్కడున్నా ఒకే ఆకారంల ఉండుడు ఇంకోటి. మొదటిది మెటీరియల్స్ చానా వరకు పాటిస్తయి, రెండోది అంత బాగ పాటించవు. అందుకే 62, 65 మధ్య చిన్న లూప్‌ని ఒకసారి దిగే దారిల, ఒకసారి ఎక్కే దారిల కొలిచి ఒకదాని మీద ఒకటి పెట్టి చూడండి. ఆకారాలు కలిస్తే మీ టేబుల్ చాలు. కలవకపోతే కోర్ విషయంల ఫీల్డ్‌కి మాగ్నెటైజేషన్‌ల కొంత భాగం కలిపి దాన్ని ఇన్‌పుట్‌గ ఇవ్వండి, మూవింగ్ ప్రైజాక్ అంటే అదే, ఆ కొంత ఎంత అనేది రెండు లూపులు కలిసేదాక మార్చుకుంట పోవాలె. ఫిల్మ్ విషయంల అయితే ముందు మెటల్ భాగం లెక్క మల్ల చూస్కోండి, యాక్టివేషన్ ఎనర్జీ గీత 50 డిగ్రీల పైన డేటాని గూడ కలుపుకొని గీసినా ఆకారాలు ఇట్లనే తేడా కొడ్తయి.